రేవు గట్టున లేని ఇళ్ళు

పట్టణ ప్రణాళిక విభాగంలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పాత సర్వే నంబరు గురించో, ఎక్కడో మూలపడిన మ్యాపు గురించో అడుగుతారు. కాఫీ తాగుతారు. లేచే ముందు మర్యాదకు ఒక ప్రశ్న వేస్తారు, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన పని ఏది సార్ అని. వాళ్ళకు కావలసిన జవాబు నాకు తెలుసు. ఫలానా బైపాసుకు మొదటి గీత గీసింది నేనేనని చెప్పాలి, వాళ్ళు ఓహో అనాలి. నేను అది చెప్పను. నాకు గుర్తుండిపోయింది నేను చేయని పని. చేయకుండానే చేశానని సంతకం పెట్టిన పని. రిటైరై ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఆ మంటలో సగం నా మీద. మిగతా సగం ఎవరి మీదో పూర్తిగా చదివితే మీకే తెలుస్తుంది.

నేను చిత్తూరులో ట్రేసరుగా చేరాను. అప్పట్లో ఊరి ప్లాను అంటే ట్రేసింగు గుడ్డ మీద నల్ల ఇంకుతో గీసిన గీతలు. చెయ్యి వణికితే బ్లేడుతో గీకి మళ్ళీ గీయాలి. గీత గీయడానికి ముందు నడవాలి. మాకు కార్వేటినగరం పక్క నుంచి వచ్చిన చైన్‌మన్, అంటే కొలత గొలుసు లాగే మనిషి, ఒకాయన ఉండేవాడు. చదువు అంతంతమాత్రం, కానీ నేల చదవడంలో ఆయన ముందు మా ఇంజినీర్లు దిగదుడుపే. వంక దగ్గరికి పోతే ఆయన వంకను చూసేవాడు కాదు. గట్టున ఉన్న తుమ్మచెట్ల కొమ్మల్లో చెత్త ఎంత ఎత్తున ఇరుక్కుని ఉందో చూసేవాడు. పోయిన వానలకు నీళ్ళు అక్కడిదాకా వచ్చాయని దాని అర్థం. అక్కడినుంచి అవతలికి ఇంకో పది అడుగులు నడిచి, ఇక్కడ గీత పెట్టుకో అనేవాడు. ఆయన చూపించిన చోట పెట్టిన గీతలు ముప్పై ఏళ్ళయినా తప్పు కాలేదు.

తర్వాత నన్ను తిరుపతికి బదిలీ చేశారు. తిరుపతి గురించి మీకు చెప్పేదేముంది. కొండ మీదికి పోయేవాళ్ళు, దిగేవాళ్ళు, అందరికీ ఒక రాత్రి పడుకునేందుకు ఇంత చోటు కావాలి. కాబట్టి సందుకొక లాడ్జి, లాడ్జికి యాభై మంచాలు. ఆ మంచాల మీద పరిచే దుప్పట్లు రోజూ ఎవరు ఉతుకుతారని మీరెప్పుడైనా ఆలోచించారా? నేనూ ఆలోచించలేదు. ఊరి చివర ఒక వంక ఉంది. దాని ఒడ్డున తాతల కాలం నుంచి చాకిరేవు ఉంది. ముప్పై ముప్పైఅయిదు రజక కుటుంబాలు రోజూ పొద్దున్నే ఊళ్ళోంచి ఆటోల్లో మూటలు వేసుకుని అక్కడికి వెళ్ళేవి. బానల్లో ఉడకబెట్టి, బండల మీద ఉతికి, వంక గట్టు ఇసుకలో, గడ్డిమీద వరసగా పరిచి ఆరేసేవి. ఎండ నేరుగా పడితే దుప్పటి తెల్లబడుతుందని వాళ్ళు దండేల మీద కంటే నేల మీదే ఎక్కువ ఆరేస్తారు. సాయంత్రానికి మూటలు కట్టుకుని మళ్ళీ ఊళ్ళోకి వచ్చేస్తారు. ఆ గట్టు మీద ఎవరి ఇల్లూ లేదు. వానొస్తే వంక ఎక్కడిదాకా వస్తుందో వాళ్ళకు తెలుసు మరి.

ఆ వంక ఎవరిది అని అడిగితే మాత్రం ఒక పట్టాన తేలదు. నీటిపారుదల వాళ్ళు రెవెన్యూది అంటారు. రెవెన్యూ వాళ్ళు అది వాగు పోరంబోకు, పంచాయతీ చూసుకోవాలి అంటారు. ఆ పంచాయతీని ఊళ్ళో కలిపేశారు కాబట్టి మునిసిపాలిటీది అంటారు. మునిసిపాలిటీ వాళ్ళు కొత్తగా వచ్చిన అభివృద్ధి సంస్థ వైపు, అంటే మా వైపు, చెయ్యి చూపిస్తారు. మేము మ్యాపు వైపు చెయ్యి చూపిస్తాం. పాలన మెరుగుపడిందని మీటింగుల్లో చెప్పుకుంటాం కదా, మెరుగుపడింది ఇదే. ఒకప్పుడు కరణం దగ్గర ఆగిపోయే కాగితం ఇప్పుడు అయిదు ఆఫీసుల్లో ఆగుతుంది.

నా సర్వీసు చివరి రెండేళ్ళలో కొత్త మాస్టర్ ప్లాను పని మొదలైంది. రాజధాని నుంచి కన్సల్టెంట్లు వచ్చారు. తెల్ల చొక్కాలు, మెడలో కార్డులు, చేతిలో ల్యాప్‌టాపులు. వాళ్ళు నేల మీద నడవరు. పైనుంచి ఉపగ్రహం తీసిన ఫోటో కొనుక్కొచ్చి కంప్యూటరుకు ఇస్తే అదే ఇళ్ళు ఎక్కడ, పొలాలు ఎక్కడ, రోడ్లు ఎక్కడ అని రంగులు వేసి పెడుతుందట. మా ఆఫీసరుకు అది చూసి కళ్ళు చెదిరాయి. నాకూ చెదిరాయి, దాచుకోవడం ఎందుకు. మేము ఏడాది తిరిగినా పూర్తికాని పని వారంలో గోడంత మ్యాపై వచ్చింది. ఇళ్ళున్న చోట పసుపు, పొలాలకు ఆకుపచ్చ, నీళ్ళకు నీలం.

అయితే ఆ మ్యాపు నిజమేనని స్థానిక ఉద్యోగులు క్షేత్రానికి వెళ్ళి చూసి సంతకం పెట్టాలి. నా వాటాకు పదకొండు షీట్లు వచ్చాయి. పన్నెండు రోజులు గడువు. మొదటి నాలుగు రోజుల్లో నాలుగు షీట్లు తిరిగాను. అయిదో రోజు మా జీపును ప్రోటోకాల్ డ్యూటీకి తీసుకుపోయారు. తిరుపతిలో పనిచేసినవాళ్ళకు ఈ మాట వివరించనక్కర్లేదు, బయటివాళ్ళ కోసం చెబుతాను. ఎవరో ఒక పెద్దమనిషి కుటుంబంతో దర్శనానికి వస్తారు. ఊళ్ళో ఆఫీసుల జీపులన్నీ విమానాశ్రయానికి, కొండకు, అతిథి గృహానికి తిరుగుతాయి. ఆ వారం ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు వచ్చారు. ఆ మూడు కుటుంబాల పుణ్యానికి నా ఏడు షీట్లు బలైపోయాయి.

ఇక్కడ నన్ను నేను వెనకేసుకు రావడం లేదు. జీపు లేకపోతే బస్సుంది, బస్సు లేకపోతే కాళ్ళున్నాయి. చిత్తూరులో ఆ చైన్‌మన్ వెంట పదేళ్ళు నడిచినవాణ్ణి, ఊరి చివరిదాకా నడవలేనా? కానీ రోజూ సాయంత్రం పైనుంచి వీడియోలో మీటింగు. ఎవరు ఎన్ని షీట్లు పూర్తి చేశారో పట్టిక తెర మీద కనిపిస్తుంది. పూర్తయిన గడి ఆకుపచ్చ, కానిది ఎరుపు. అందరి ముందు నా పేరు పక్కన ఎరుపు చూసుకోవడం నాకు నామోషీ అనిపించింది. యాభై ఆరేళ్ళవాడిని, ఒక గడి రంగు కోసం సిగ్గుపడ్డాను. పదకొండో రోజు కుర్చీలో కూర్చుని ఏడు షీట్లకూ వరసగా సంతకాలు పెట్టాను. ‘క్షేత్రములో పరిశీలించడమైనది, సరిగా ఉన్నది.’

అందులో ఆ వంక ఉన్న షీటు ఒకటి. చూడకుండా పెట్టానని అనుకోకండి. చూశాను, మ్యాపులో చూశాను. వంక గట్టు ఉండాల్సిన చోట చిన్న చిన్న పసుపు గళ్ళు వరసగా ఉన్నాయి. ఓహో, ఇక్కడ ఎవరో పేదలు ఇళ్ళు వేసుకున్నట్టున్నారు, పోనీలే మ్యాపుకెక్కితే వాళ్ళకు పట్టాలైనా వస్తాయి అనుకున్నాను. ఆ సంతకం పెడుతూ నాలో నేను కాస్త ధర్మాత్ముణ్ణని కూడా అనుకున్నాను. వంక కోసం వెతికాను, కనపడలేదు. కన్సల్టెంట్లను ఫోనులో అడిగితే, ఈ స్కేలులో అంత సన్నటి వంకలు రావు సార్ అన్నారు. అదే షీటులో ఒక కళ్యాణ మండపం మాత్రం పేరుతో సహా వచ్చింది. స్కేలు కూడా మనిషిని చూసి మసులుకుంటుందని నాకు ఆ రోజే తట్టి ఉండాల్సింది.

ముసాయిదా ప్లాను అభ్యంతరాల కోసం నెలరోజులు ప్రదర్శనకు పెట్టారు. ఎక్కడ? మా ఆఫీసు పై అంతస్తులో. ఎవరికి? పనులు మానుకుని, మెట్లెక్కి వచ్చి, గోడంత మ్యాపులో తమ ఇల్లు ఎక్కడుందో వెతుక్కోగలిగినవాళ్ళకు. స్థలాల వ్యాపారులు వచ్చారు, వాళ్ళ లాయర్లు వచ్చారు. రేవు నుంచి ఎవరూ రాలేదు. వాళ్ళకు తమ బతుకు ఒక మ్యాపులో ఉందని తెలిస్తే కదా రావడానికి. ఇప్పుడు ఈ అభ్యంతరాలు ఆన్‌లైన్‌లో తీసుకుంటున్నారట. మెట్లెక్కే శ్రమ కూడా తప్పించారు, సంతోషం.

ప్లాను ఖాయమైంది. ఆరు నెలలు తిరక్కుండానే ఒక లేఅవుటు ఫైలు వచ్చింది. వంక పక్కన పొలమున్న ఆసామి దాన్ని ఇళ్ళస్థలాలు చేయాలనుకున్నాడు. వంకకు ఇంత దూరంలో ఏ కట్టడమూ ఉండకూడదని నియమం ఉంది. కానీ ప్లానులో గట్టు మీదే ఇళ్ళున్నాయి కదా. ఇప్పటికే జనం ఉంటున్న ప్రాంతం కాబట్టి ఆ నియమం వర్తించదని రాశారు. పొలానికి దారి కూడా గట్టు మీదుగానే ఇచ్చారు. అనుమతి వచ్చిన వారానికి రేవు వాళ్ళకు నోటీసులు వెళ్ళాయి. మీ బండలు, బానలు రోడ్డులో ఉన్నాయి, తీసేయండి అని.

ఆ నోటీసు పట్టుకుని రేవు నుంచి ఒక పెద్దామె నా దగ్గరికి వచ్చింది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద ఉంటుంది. రేవులో పెద్దదిక్కు ఆమే. ఎవరి బండ ఎవరిదో, ఏ లాడ్జి మూట ఎవరికో తేల్చేది ఆమే. చేతులు సోడా నీళ్ళకు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు. నోటీసులో ఏముందో చదివి చెప్పమంది. చదివాను. అక్కడ ఇళ్ళున్నాయని ప్లానులో ఉంది అక్కా, అందుకే రోడ్డు ఇచ్చారు అన్నాను.

“ఇండ్లా? మా రేవుకాడ ఇండ్లు యాడుండాయి సార్?”

నేను షీటు తీసి టేబులు మీద పరిచాను. ఆమెకు ఆ పసుపు గళ్ళు ఏమీ అర్థం కాలేదు. మా ఆఫీసులో కంప్యూటరు చూసే ఆవిడ ఒకరుండేవారు, పదిహేనేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉన్న మనిషి. ఆవిడే ఈ గొడవ విని, అసలు ఫోటో చూద్దాం రండి అని తెర మీద పెట్టి పెద్దది చేశారు. వంక సన్నగా, ఎండిపోయి కనిపించింది. గట్టున తెల్లటి గళ్ళు, బారులు తీరి. రేవు పెద్దామె కళ్ళు చికిలించి తెర దగ్గరికి వంగింది. కాసేపటికి ఆమె వేలు ఒక గడి మీద ఆగింది.

“ఇవి దుప్పట్లు గదా. ఈ పెద్దవి డబులు దుప్పట్లు. పక్కన పొడుగ్గా పరిసినవి దిండు గలీబులు. ఇన్ని వరసలు ఏసినామంటే ఎండాకాలం సెలవల్లో తీసుంటారు, అబ్బుడే ఇంత గిరాకీ.”

కంప్యూటరు ఆవిడ కీబోర్డు మీద చేతులు అట్లాగే పెట్టి నా వైపు చూశారు. తెల్లగా, నలుచదరంగా, వరసగా ఉన్నది ఏదైనా సరే ఆ యంత్రానికి సిమెంటు కప్పు. డబుల్ దుప్పటి పెద్ద ఇల్లు. దిండు గలీబుల వరస దాని పక్కన వంటిల్లు. యంత్రానికి తెలియదు, ఒప్పుకుంటాను. రాజధానిలో కూర్చున్నవాళ్ళు తిరుపతి రేవు చూడలేదు, అదీ ఒప్పుకుంటాను. ఆ రెండు తప్పులూ పట్టుకోవడానికే నాకు ప్రభుత్వం ముప్పై అయిదేళ్ళు జీతం ఇచ్చింది. ఆ గట్టున ఒక్క పూట నిలబడి ఉంటే చాలు, ఆరిన దుప్పట్లను మూట కట్టుకుని పోయేవాళ్ళే చెప్పేవారు.

ఆమె వెళ్ళేముందు ఇంకో మాట అంది. ప్రతి లాడ్జికి ఒక గుర్తు ఉంటుందని, నల్లజీడి రసంతో దుప్పటి మూలన పెడతామని, వందల దుప్పట్లు కలిసిపోయినా ఒకరిది ఒకరికి పోదని చెప్పింది. మీరు పెట్టిన గుర్తు మాత్రం ఇట్లా ఎట్లా తప్పింది సార్ అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నేను షీటు మడిచి ఫైలులో పెట్టాను.

ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. చెడ్డవాడు కాదు, నాలాగే రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. విని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి షీటు కింద నా సంతకం చూపించాడు. ఖాయమైన ప్లాను మార్చాలంటే భూ వినియోగ మార్పిడికి దరఖాస్తు పెట్టాలి, అది భూమి సొంతదారే పెట్టాలి, రేవు వాళ్ళకు సొంతమైనది అక్కడ ఏముంది అన్నాడు. చిత్తూరు ఆఫీసులో గీసిన తిరుపతి పాత ప్లానులో అదే చోట ‘చాకిరేవు’ అని రాసి ఉంది సార్, తీసి చూపిస్తానన్నాను. కొత్తది వచ్చాక పాతది చెల్లదు కదప్పా, నీకు నేను చెప్పాలా అన్నాడు.

ఆ సంగతిని మూడు వారాలు నానబెట్టాను. ఈలోగా కంప్యూటరు ఆవిడ, ఉద్యోగం పోతుందన్న భయం కూడా లేకుండా, రేవు వాళ్ళకు అర్జీ రాసిపెట్టారు. సోమవారం అర్జీల రోజున వాళ్ళు దాన్ని అప్పటి జిల్లా కేంద్రం చిత్తూరు వెళ్ళి పై అధికారి చేతిలో పెట్టారు. విచారణకు తేదీ పడింది. అప్పుడు మా ఆఫీసరుకు ఒక ఆలోచన వచ్చింది.

మ్యాపులో ఇళ్ళున్నాయి, నేల మీద లేవు. మామూలు మనిషికి అయితే మ్యాపు దిద్దాలని తోస్తుంది. మా ఆఫీసరుకు నేలను దిద్దాలని తోచింది. అక్కడ మాకు ఇళ్ళుండేవి, రోడ్డు కోసం పోయాయి అని రేవు వాళ్ళు వేలిముద్రలు వేస్తే, ఇళ్ళు కోల్పోయినవాళ్ళ కింద ఊరికి దూరంగా ఒక్కొక్కరికి ఇంటిస్థలం ఇప్పించవచ్చు. వాళ్ళకూ మేలు, నీ సంతకమూ నిజమవుతుంది, ప్రతిపాదన పైకి పంపేశాను అన్నాడు. లేని ఇళ్ళు పోయాయని ఉన్నవాళ్ళు ఒప్పుకుంటే చాలు, అందరం గట్టున పడతాం.

ఆ మాట మోసుకుని నేనే వెళ్ళాను. మొదటిసారి ఆ రేవుకు వెళ్ళింది అప్పుడే, అదీ అబద్ధం బేరం చేయడానికి. అందరూ పని ఆపి చుట్టూ చేరారు. వయసులో ఉన్నవాళ్ళు స్థలం అనగానే ఊగారు, తప్పేముంది, అద్దె ఇళ్ళల్లో ఉండేవాళ్ళు. ఆమె మాత్రం ఆ కొత్తచోట నీళ్ళున్నాయా అని అడిగింది. లేవన్నాను. తర్వాత ఆమె నన్ను పక్కకు పిలిచి సూటిగా అడిగింది.

“ఒక మాట సెప్పు సార్. నువ్వు ఆడ ఇండ్లు లేవని నిజం సెప్తే, మా రేవు నిలస్తాదా? నిలస్తాదంటే మాకు ఆ జాగాలొద్దు. నిలవదంటే నువ్వు గమ్మునుండు, జాగాలన్నా దక్కనీ.”

ఇంత తెలివైన ప్రశ్న నా సర్వీసులో నన్ను ఏ కమిషనరూ అడగలేదు. నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. “నిలుస్తుందక్కా. తప్పు జరిగిందని తేలాక ప్రభుత్వం సరిచేయకుండా ఎట్లా ఉంటుంది?” అన్నాను. అంత గట్టిగా ఎందుకు చెప్పానంటే, ఆ క్షణంలో నాకు నేను మళ్ళీ మంచివాడినైపోయినట్టు అనిపించింది. ఆమె వెనక్కి తిరిగి తన వాళ్ళతో, ఎవరూ వేలిముద్ర వేయొద్దని చెప్పింది. చెప్పినట్టే ఎవరూ వేయలేదు.

విచారణ రోజు మా ఆఫీసు హాలు నిండింది. ఒకవైపు రేవు వాళ్ళు గోడకానుకుని నిలబడ్డారు, ఇంకోవైపు లేఅవుటు ఆసామి తరఫు మనిషి కుర్చీలో కూర్చున్నాడు. పై అధికారి ఫైలు తిరగేసి, ఈ షీటు మీరు క్షేత్రానికి వెళ్ళి చూశారా అని నన్ను అడిగారు. రిటైర్మెంటుకు ఏడు నెలలుంది. ఇంట్లో మా ఆవిడకు కూడా చెప్పలేదు. వెళ్ళలేదు సార్, ఆఫీసులో కూర్చుని సంతకం పెట్టాను, అక్కడ ఇళ్ళు లేవు, అవి ఆరేసిన దుప్పట్లు అన్నాను. హాల్లో ఎవరో నవ్వారు. పై అధికారి నవ్వలేదు. నిజం ఒప్పుకునే ఉద్యోగులు ఈ రోజుల్లో అరుదని మెచ్చుకుని, ఆ మాటను పక్కనున్న గుమాస్తా చేత రాయించి నా సంతకం తీసుకున్నారు. మా ఆఫీసరు పైన ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు. లేఅవుటు మనిషి ముఖంలో కోపం కనపడుతుందేమోనని చూశాను. అతను హాయిగా ఉన్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. రేవు వాళ్ళు బయటికి వచ్చాక నాకు చేతులెత్తి దండం పెట్టారు. ఆ దండాలు తీసుకున్నాను, అదీ చెప్పుకోవాలి.

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. మూడు పేరాలు. మొదటిది నాకు. క్షేత్రానికి వెళ్ళకుండా ధ్రువీకరించినందుకు క్రమశిక్షణ చర్య. న్యాయమే, నాకు పేచీ లేదు. రెండోది ప్లానుకు. ప్రభుత్వం ఖాయం చేసిన ప్లానును ఒక ఉద్యోగి పొరపాటు కారణంగా మార్చడం కుదరదు, దాన్ని నమ్మి సదుద్దేశంతో ఇచ్చిన అనుమతులు చెల్లుతాయి. మూడోది రేవు వాళ్ళకు. సదరు స్థలంలో ఎప్పుడూ నివాసాలు లేవని ఉద్యోగి వాంగ్మూలం వల్ల రుజువైనందున, నివాసాలు కోల్పోయినవారికి స్థలాలు ఇచ్చే ప్రతిపాదన ఉపసంహరించడమైనది.

ఆ కాగితాన్ని నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. అందులో ఒక్క అబద్ధం లేదు. అదే నాకు మింగుడుపడదు. ఇళ్ళున్నాయి కాబట్టి రోడ్డు వేయవచ్చు, ఇళ్ళు లేవు కాబట్టి స్థలాలు ఇవ్వనక్కర్లేదు. ఈ రెండూ ఒకే కాగితం మీద, ఒకే సంతకం కింద, ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయి. రాసినవాడికి చెయ్యి వణకలేదు, చదివిన అయిదు ఆఫీసుల్లో ఎవరికీ నవ్వు రాలేదు. అబద్ధాన్ని పట్టుకోవచ్చు, దిద్దవచ్చు. నిజాన్ని రెండు ముక్కలు చేసి, ఎవరికి ఏ ముక్క పనికొస్తుందో వాళ్ళకు ఆ ముక్క పంచే విద్యను ఏం చేస్తాం? పంచాయతీ పోయి అభివృద్ధి సంస్థ వచ్చింది, గొలుసు పోయి ఉపగ్రహం వచ్చింది, ఎవరు బలవంతుడో కనిపెట్టే చూపు మాత్రం ఒక్క అంగుళం తప్పకుండా అట్లాగే ఉంది.

ఉత్తర్వు నకలు రేవు వాళ్ళకు కూడా వెళ్ళింది కానీ చదివి చెప్పేవాళ్ళు లేరని కంప్యూటరు ఆవిడ చెప్పారు. నేనే వెళ్ళాను. అప్పటికే గట్టు మీద కంకర పోశారు. ఒక ట్రాక్టరు పెట్టుకుని వాళ్ళు ఉతికే బండలను ఎక్కిస్తున్నారు. చంద్రగిరి దాటాక ఎవరిదో బోరు బావి అద్దెకు దొరికిందట, అందరికీ చాలదట, సగం మంది లాడ్జీల్లో మెషీన్ల దగ్గర కూలికి కుదురుకున్నారట. ఆమె నన్ను చూసి పలకరించింది. నేను కాగితం తీసి మూడో పేరా చదివాను. భాష అర్థం కాక మళ్ళీ చదవమంది. ఈసారి మామూలు మాటల్లో చెప్పాను. రేవు పోయింది, స్థలాలు కూడా రావు అన్నాను. నేను చెప్పిన నిజం వల్లే రావు అని కూడా చెప్పాను, దాచలేదు.

ఆమె తిట్టలేదు. తిడుతుందని, తిడితే కాస్త తేలికపడతానని అనుకుంటూ వెళ్ళాను. బండ ఎత్తేందుకు ఒక మనిషి తక్కువయ్యాడు, చెయ్యి వెయ్యమంది. చెప్పులు విడిచి దిగాను. నలుగురం పట్టినా ఆ బండ ఇసుకలోంచి లేవడానికి చాలాసేపు పట్టింది. ట్రాక్టరులోకి ఎక్కించి, నేను ఆయాసపడుతూ నిలబడితే, ఆమె చెంబుతో నీళ్ళిచ్చి అప్పుడు అంది.

“నిజం సెప్పినావని నాకు బాద ల్యా నాయనా. ఆ పొద్దు నేనడిగితే, రేవు నిలస్తాదని సెప్పినావే, అది ఎవురినడిగి సెప్పినావు?”

ఆమె నా చేతిలో చెంబు తీసుకుని ట్రాక్టరు వెనక బండల మధ్య ఎక్కి కూర్చుంది.